ఒకటో నంబరు నీళ్ళది

మా మేడంగారు పోయారన్న వార్త నాకు రెండు చెవుల్లోనూ ఒకేసారి పడింది. కుడిచెవి దగ్గర సెల్‌ఫోను, ఎడమచెవి దగ్గర ఇంటి ఫోను. ఒకదాంట్లో కోత షెడ్డు మేస్త్రీ, రెండోదాంట్లో పాలిష్ షెడ్డు మేస్త్రీ. ఇద్దరూ స్వయానా బావాబావమరుదులు. కడప శివార్లలోని ఒకే బండల ఫ్యాక్టరీలో, ఒకే కప్పు కింద పనిచేస్తూ, ఈ కబురు నాకు ముందుగా అందజేసే గౌరవం ఎదుటివాడికి దక్కరాదన్న ఏకైక సదుద్దేశంతో ఇద్దరూ ఒకే క్షణాన ఫోను చేశారు. తత్ఫలితంగా నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఎవరో ఒకరు చెప్పండి, ఇంకొకరు వినండి" అన్నాను. రెండు వైపులా మాట ఆగిపోయింది. ఆ వాక్యం నాది కాదని, ఎవరిదో ముగ్గురికీ తెలుసు. వాళ్ళ మాటల వల్ల తెలియని కబురు ఆ మౌనం వల్ల తెలిసింది.

మేడంగారు ఆ ఉదయం ఉగ్గాని తిని, బజ్జీల్లో కారం చాలలేదని వంటమనిషికి మౌఖికంగా ఫిర్యాదు చేసి, వాలుకుర్చీలో వెనక్కి వాలి కన్నుమూశారు. ఫిర్యాదు పరిష్కారానికి నోచుకోలేదు. ఆవిడ చేపట్టిన వాటిలో పరిష్కారం కాకుండా మిగిలినది ఇదొక్కటేనని నా అంచనా. ఆవిడ వయస్సుకు అది మంచి మరణమేనని బంధువులు ఏకగ్రీవంగా తీర్మానించారు. కాబట్టి ఈ స్మృతిలో కన్నీటికి కేటాయింపు తక్కువ. పాఠకులు సహకరించవలసిందిగా మనవి.

ఆవిడ మా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నేను మొదట ఆవిడ శిష్యుణ్ణి, తరువాత అదే విభాగంలో ఉపన్యాసకుణ్ణి, ఆవిడ పదవీ విరమణ చేశాక ఆవిడ తనిఖీలకు నివేదికలు రాసిపెట్టే మనిషిని. ఆవిడ పుట్టింది ప్రొద్దుటూరులో, పప్పుదినుసులు అమ్మే అంగడివాళ్ళ ఇంట్లో. "సంతరోజు అంగట్లో అందరూ ఒకేసారి అరిస్తే తూకం తప్పుతుంది. మా నాయన ఒక్కొక్కరినే పిలిచేవాడు. నేను ఇన్నేళ్ళు జీతం తీసుకొని చెప్పిన పాఠమూ అంతే" అనేవారు.

పదవీ విరమణానంతరం విశ్రాంతి తీసుకోవలసిందిగా కుటుంబసభ్యులు సమర్పించుకున్న విన్నపాన్ని ఆవిడ సానుభూతితో పరిశీలించి తోసిపుచ్చారు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. మా ప్రాంతపు ఫ్యాక్టరీల్లోకి డ్రైవ్‌లు ప్రవేశిస్తున్న రోజులు. డ్రైవ్ అంటే మోటారు ఎంత వేగంతో తిరగాలో శాసించే పెట్టె. ఇలాంటి పెట్టెలన్నిటినీ ఒకే జత తీగల మీద వరుసగా కలుపుతారు. తీగకు ఒక కొసన కంట్రోలరు కూర్చొని, ఒక్కొక్క డ్రైవ్‌నూ నంబరుతో పిలుస్తుంది. పిలుపు అందుకున్న నంబరు మాత్రమే పలకాలి. తక్కినవి వింటూ ఊరుకోవాలి. దీనికి శాస్త్రం పెట్టిన పేరు సీరియల్ కమ్యూనికేషన్. మేడంగారు పెట్టిన పేరు హాజరు. పలకని నంబరును కంట్రోలరు గైర్హాజరుగా రాసుకొని ముందుకు పోతుంది, పలుకు కలగాపులగమైతే మాత్రం మోటార్లను ఆపేస్తుంది. డ్రైవ్ ముఖం మీద ఎర్రదీపం వెలుగుతుంది. కొద్దిసేపటికి యజమాని ముఖం కూడా అదే రంగుకు వస్తుంది. అప్పుడు మేడంగారికి ఆటో పంపేవారు.

తరగతిలోనూ ఆవిడ ఈ పాఠాన్ని హాజరుతోనే చెప్పేవారు. మిత్రుడి బదులు ఎవరైనా పలికితే కోపగించుకొనేవారు కాదు. "ఒకే గొంతు రెండు నంబర్లకు పలికితే నాకేం నష్టం లేదు, పరీక్షలో నీ మిత్రుడికే నష్టం. ఒకే నంబరుకు రెండు గొంతులు పలికినాయంటే మాత్రం నేను ఇంటికి పోవలసిందే" అనేవారు. మేము నవ్వేవాళ్ళం. అది సిలబస్‌లోని అంశమని పరీక్ష రోజున తెలిసేది.

ఫ్యాక్టరీ తప్పులంటే ఆవిడకు, పెళ్ళిపిలుపులంటే ఇతరులకు ఉండేంత సంబరం. ఆటో ఎక్కేటప్పుడే ముఖం వెలిగేది. చేతిసంచిలో మీటరు, మరలు తిప్పడానికి సన్నటి స్క్రూడ్రైవర్లు, తీగల కొసలు రుద్ది శుభ్రం చేయడానికి బడిపిల్లల పెన్సిల్ రబ్బరు, వీటన్నిటి కంటే పైన, సులభంగా అందేలా, ఉగ్గాని డబ్బా. ఉల్లిగడ్డ, పచ్చికారం, పుట్నాలపొడి వేసిన బొరుగుల ఉగ్గాని. పని ప్రారంభించడానికి ముందు అక్కడున్నవారందరూ దాన్ని తినితీరాలన్నది నియమం. "ఆకలితో వెతికితే ప్రతిదీ తప్పుగానే కనపడతాది నాయనా" అనేవారు. రెండో అంశం విచారణ. యంత్రాన్ని కాదు, మనుషుల్ని. చివరిసారి బాగా నడిచింది ఎప్పుడు? ఆ తరువాత ఎవరు ఏం ముట్టుకున్నారు? ఈ ప్రశ్నకు మా సీమ అంతటా ఒకే జవాబు అమల్లో ఉంది.

"ఎవురూ ఏమీ ముట్టలేదు మేడం."

"ఎవురూ ముట్టలేదంటే అందురూ ముట్టినారని అర్థమప్పా. కూచోండి. ఒగొగరే చెప్పండి."

ఇక బండల ఫ్యాక్టరీ విషయానికి వస్తాను. కడప బజారులో పెద్ద అంగడి ఉన్న సావుకారు ఒకాయన, ఒక కొసన నాపరాతిని కోసి, మరో కొసన పాలిష్ చేసి బయటికి పంపే యంత్రాల వరుసను కొన్నారు. కోత రంపానికి ఒక డ్రైవ్, పాలిష్ యంత్రానికి ఒకటి, ఆ రెండింటికీ నీళ్ళు తోడిపోసే పంపుకు మరొకటి. కోతకు బావ అధిపతి, పాలిషుకు బావమరిది అధిపతి. పంపు దగ్గర పని కోసిగి నుంచి వచ్చిన ఈరమ్మది. కోసిగిలో వానలు మొహం చాటేశాక ఊళ్ళకు ఊళ్ళు మిరపకాయలు కోయడానికి పరాయి జిల్లాలకు తరలిపోతాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడమంటారు. ఈరమ్మ కుటుంబమూ, ఆమె వెంట వచ్చిన మరికొన్ని కుటుంబాలూ ఆ ఏడు మొదటిసారిగా సుగ్గికి పోకుండా, ఈ యంత్రాన్ని నమ్ముకొని ఫ్యాక్టరీ వెనుక గుడిసెలు వేసుకున్నాయి. పిల్లలు పక్కనున్న బడిలో చేరారు.

దసరాకు ఆయుధపూజ ఘనంగా జరిగింది. మరునాటి నుంచి యంత్రం నడవలేదు. మొదలుపెట్టిన కాసేపటికే తప్పు చూపించి ఆగిపోయేది. పాలిష్ చక్రం కింద ఇరుక్కున్న బండల మీద గుండ్రటి మచ్చలు పడేవి. సావుకారు తన పరిధిలోని చర్యలన్నీ తీసుకున్నారు. కొత్త తీగ వేయించారు. బూడిదగుమ్మడికాయ కట్టించారు. చివరికి, దీపావళి లోపల నడవకపోతే యంత్రాన్ని బేతంచెర్ల వ్యాపారికి ఇచ్చేసి షెడ్డు మూసేస్తానని, కోసిగివాళ్ళు తమ దారి చూసుకోవచ్చని ప్రకటించారు. దీపావళి ముందురోజు మేడంగారికి ఆటో వచ్చింది.

మేము దిగేసరికి ఈరమ్మ పంపుగది గుమ్మం దగ్గర ఒక మూట పెట్టుకొని కూర్చొని ఉంది. పాత ఎర్రగళ్ళ దుప్పట్లో బానలు, గరిటెలు, బొంతలు.

"ఏం మూటమ్మా ఇది?" అన్నారు మేడంగారు.

"సుగ్గికి మేడమమ్మా. మిసను ఇంగ నడిచేది లేదంట గదా. రేపు పొద్దున లారీ వస్తాదంట. పిల్లోల్లు బడి ఇడిసేది లేదని ఏడుస్తాండారు. ఏం జేసేది?"

"నడిచేది లేదని ఎవురు చెప్పినారు?"

"సావుకారు. గుమ్మడికాయ గూడా కట్టి సూసినాడు."

"గుమ్మడికాయ సదువుకోలేదు లే. నువ్వు మూట విప్పద్దు, ఇంగా బిగించనూ వద్దు. సాయంత్రం దాకా అట్లనే ఉండనీ."

లోపల బావాబావమరుదులు తమ తమ వాదనలతో సిద్ధంగా ఉన్నారు.

"మా కోతలో ఏ తప్పూ లేదు మేడం" అన్నాడు బావ. "రాయి మా కాడ బాగనే పుడతాండాది. పాలిషోళ్ళ కాడికి పోయినాకనే సస్తాండాది."

"నీ కాడ పుట్టేది వట్టి బండ బావా" అన్నాడు బావమరిది. "దానికి మొగమనేది పెట్టేది నేను."

"నీ మొగానికే దిక్కు లేదు, బండకు పెడతాడంట."

"మొగాల సంగతి తర్వాత సూద్దాం. ఉగ్గాని చల్లారిపోతాండాది" అన్నారు మేడంగారు. సావుకారుతో సహా అందరూ తిన్నారు. బేతంచెర్ల వ్యాపారి కూడా తిన్నాడు. ఆయన అప్పటికే వచ్చి, ఎద్దు పళ్ళు చూసినట్టు యంత్రం చుట్టూ తిరుగుతున్నాడు.

విచారణలో ఎవరూ ఏమీ ముట్టుకోలేదని తేలింది. మేడంగారు పని మొదలుపెట్టారు. మాట మోసే సన్నతీగను, మోటారుకు కరెంటు మోసే లావుతీగను కలిపి పూజనాటి బంతిపూల దారంతో కట్టేసి ఉన్నారు. "పిండిగిర్ని పక్కన కూచోని పురాణం చెప్తే ఎవురికి వినపడతాదప్పా?" అంటూ వాటిని విడదీయించారు. తీగకు రెండు కొసల్లోనూ చిన్న రెసిస్టరు ఉండాలి. లేకపోతే మాట కొసకు తగిలి వెనక్కి మళ్ళి వచ్చి కొత్తమాటతో కలిసిపోతుంది. ఒక కొసన అది లేదు. సంచిలోంచి తీసి బిగించారు. తీగల కొసలన్నీ రబ్బరుతో రుద్దారు. ప్రతి మరమ్మతు తరువాతా మీట వేయించారు. యంత్రం కాసేపు నడిచి, ప్రతిసారీ ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ గుమ్మం దగ్గర ఈరమ్మ మూట మీద చెయ్యి వేసేది.

తరువాత ఆవిడ తీగను మధ్యలో విడదీశారు. పాలిషును తప్పించి కోతను నడిపితే కోత చక్కగా నడిచింది. బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కోతను తప్పించి పాలిషును నడిపితే పాలిషూ చక్కగా నడిచింది. ఈసారి ఆ తువ్వాలు గౌరవం బావమరిదికి దక్కింది. రెండూ కలిపితే ఎర్రదీపం.

సావుకారు ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూశారు. వ్యాపారి సావుకారును చూశాడు. ఆ సమయంలో ఈరమ్మ ఒక ప్రశ్న అడిగింది.

"అమ్మా, ఆ డబ్బాల్లో ఏం మాట్లాడుకుంటాయమ్మా అవి? అంత కొట్లాట ఎందుకు?"

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదలడమన్నది మేడంగారి సర్వీసులో లేదు. వ్యాపారి వేచి ఉన్నా, పొద్దు వాలుతున్నా, ఆవిడ ఒక నులకతాడు తెప్పించారు. తాడు పొడవునా అందరినీ నిలబెట్టి పట్టుకోమన్నారు.

"ఇది తీగ. నేను కంట్రోలరు. ఈరమ్మా, నువ్వు నీళ్ళపంపు, నీది మూడో నంబరు. మీరిద్దురూ మీ మీ డ్రైవ్‌లు, మీ నంబర్లు మీకు తెలుసు గదా. నేను పిలిచినోళ్ళే పలకాల. తక్కినోళ్ళు వినాల. మూడో నంబరు?"

"ఉండానమ్మా!" అంది ఈరమ్మ.

"రెండో నంబరు?"

ఎవరూ పలకలేదు. పైన గుమ్మడికాయ మెల్లగా ఊగింది.

"ఒకటో నంబరు?"

"ఉండా!" అన్నాడు బావ.

"ఉండా!" అన్నాడు, అదే క్షణాన, బావమరిది.

మేడంగారు తాడు పట్టుకొనే ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సంచిని నాకు అందించి, నేరుగా పాలిష్ షెడ్డు డ్రైవ్ దగ్గరికి వెళ్ళి మీటలు నొక్కారు. దాని నంబరు ఒకటి. కోత షెడ్డు డ్రైవ్ దగ్గరికి వెళ్ళి నొక్కారు. దాని నంబరూ ఒకటే.

"పాలిషు రెండు గదప్పా. ఒకటి ఎప్పుడైంది?"

బావమరిది కప్పు రేకుల నాణ్యతను పరిశీలిస్తూ చెప్పాడు.

"ఆయుధపూజనాడు మేడం. ఒకటో నంబరు మిసనుకు ముందు హారతి అన్నాడు పూజారి. యాడ సూసినా బావకే ముందు. పెండ్లిలో బావకే ముందు, పండగలో బావకే ముందు. నా డబ్బాలో సూస్తే రెండని ఉండాది. అమ్మవారి ముందర నా మిసనుకు ఆ నామర్దా ఎందుకని మీట నొక్కి ఒకటి జేసినా. హారతి అయినాంక మళ్ళా మారుద్దామనే అనుకున్యా. బావ ఆడే నిలబడినాడు. ఆయప్ప ముందర ఒకటిని రెండు ఎట్ల జేసేది మేడం?"

"నాకు అప్పుడే అనుమానం!" అన్నాడు బావ. "హారతి పళ్ళెం ఈని పక్కకు ఎట్ల తిరిగిందబ్బా అని!"

మేడంగారు బండల దొంతర మీద కూర్చుండిపోయారు. మొదట భుజాలు కదిలాయి. తరువాత నవ్వు బయటికి వచ్చింది. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకొని, పెట్టుకొని, మళ్ళీ ఇద్దరినీ చూసి, మళ్ళీ తీయవలసి వచ్చింది. కంట్రోలరు ఒకటీ అని పిలవగానే రెండు డ్రైవ్‌లూ కలిసి పలుకుతున్నాయి. దానికి వినపడేది మాట కాదు, రచ్చ. అందుకే భయపడి ఆపేస్తోంది. ఒక్కటే ఉన్నప్పుడు రచ్చ లేదు. ఇంత సులభమైన తప్పు, ఇంత అందంగా, ఇంతటి భక్తిశ్రద్ధలతో ఇంకెక్కడా జరిగి ఉండదని ఆవిడ తరువాత నాతో అన్నారు.

తప్పు దొరికింది గానీ పని అయిపోలేదు. ఒకటిని తిరిగి రెండుగా మార్చడానికి రెండు మీటలు చాలు. బావమరిది డ్రైవ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. కావలిస్తే బావ మార్చుకోవచ్చన్నాడు. రాయి ముందు కోయకుండా పాలిష్ ఎట్లా చేస్తావని బావ. పాలిష్ లేని బండను ఎవురు కొంటారని బావమరిది. సావుకారు రాజీ చేయడానికి ప్రయత్నించి, ఇద్దరి ఆగ్రహాన్నీ సమపాళ్ళలో పొందారు. వ్యాపారి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఈరమ్మ మూట ముడి బిగించడం మొదలుపెట్టింది.

"నేను ఇప్పుడు మార్చిపోతే రేపు మళ్ళా ఒకటి జేస్తాడు నాయనా" అన్నారు మేడంగారు నాతో, గొంతు తగ్గించి. "తీగ రోగమైతే రబ్బరుతో పోతాది. ఇది పోదు." ఆవిడ లేచి ఇద్దరి మధ్యకూ వెళ్ళారు.

"ఏమప్పా, నీళ్ళు ఆగిపోతే నీ రంపం ఎంతసేపు కోస్తాది?"

"యాడ కోస్తాది మేడం, కాలిపోతాది" అన్నాడు బావ.

"నీ పాలిషు?"

"బండ పగిలిపోతాది" అన్నాడు బావమరిది.

"మరి ఒకటో నంబరు ఎవురిదప్పా?"

మా సీమలో గట్టు గురించి వాదించవచ్చు, పార్టీ గురించి వాదించవచ్చు, పెళ్ళిపందిట్లో కూర ఉప్పు గురించి తరాలపాటు వాదించవచ్చు. నీళ్ళకు వ్యతిరేకంగా వాదించగల వక్త ఇంకా పుట్టలేదు. బావ తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నీళ్ళదే మేడం."

"నేను గూడా అదే అందామనుకుంటాండా" అన్నాడు బావమరిది వెంటనే.

ఒకటో నంబరు ఈరమ్మ పంపుకు కేటాయించబడింది. రెండో నంబరును ఇద్దరూ వినయపూర్వకంగా ఎదుటివారికి సమర్పించారు. పుచ్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అది నేటికీ ఖాళీ. పంపు వదులుకొని వచ్చిన మూడో నంబరు తమకు తగదన్నారు. కోతకు నాలుగు, పాలిషుకు అయిదు ఇచ్చారు. నాలుగుకూ అయిదుకూ మధ్య పెద్దరికం ఎందులో ఉందో అప్పటికప్పుడు ఇద్దరికీ తోచలేదు. వారికి తోచేలోగా మేడంగారు కంట్రోలరులో నంబర్లు మార్చి, మీట వేయించారు.

పంపు ముందు పలికింది. నీళ్ళు పడ్డాయి. రంపం తిరిగింది. ఒక బండ కోత షెడ్డులోంచి గరుకుగా బయలుదేరి, పట్టా మీద నెమ్మదిగా సాగి, పాలిష్ చక్రాల కిందికి వెళ్ళింది. అటు కొసన అది తడిగా, నల్లగా బయటికి వచ్చినప్పుడు కప్పు రేకుల సందులోని ఆకాశం అందులో కనిపించింది. ఎక్కడా మచ్చ లేదు. దాని వెనుక మరొకటి వచ్చింది. వ్యాపారి మిగిలిన ఉగ్గాని అడిగి తిని, సెలవు తీసుకున్నాడు.

ఈరమ్మ అక్కడే, అందరి ముందే మూట విప్పింది. బానలు, గరిటెలు గుడిసెకు పంపేసి, దుప్పటి దులిపి మేడంగారికి ఇచ్చింది.

"ఇంగ దీంతో నాకు పని లేదమ్మా. ఆ డబ్బాల మింద రాతిదుమ్ము పడతాదని పొద్దుననుంచి తిడతాంటిరి గదా. దీన్ని అడ్డం కట్టుకోండి."

డ్రైవ్‌లకు గాలి ఆడేలా జానెడు ఎడంగా కడ్డీ కట్టించి, మేడంగారు తన చేతుల మీదుగానే ఆ దుప్పటిని తెరగా వేలాడదీశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, నివేదికలో వైఫల్యానికి కారణం అన్నచోట ఏమి రాయమంటారని అడిగాను.

"మర్యాద అని రాయి నాయనా. పరిష్కారం కాడ నీళ్ళు అని రాయి."

అలాగే రాశాను. సావుకారు చదివి, అభ్యంతరమేమీ లేదని సంతకం పెట్టారు.

అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీ ఆయుధపూజలో మొదటి హారతి పంపుకే. మేడంగారు ఏటా వెళ్ళేవారు. హారతి పంపు దగ్గర తిరుగుతుంటే బావాబావమరుదులు ఆవిడకు చెరోపక్క నిలబడి, ఈరమ్మ కళ్ళకద్దుకొనే వరకూ చేతులు కట్టుకొనేవాళ్ళు. ఆవిడ ఇద్దరి వంకా చూడకుండా, నవ్వు ఆపుకోవడానికి అమ్మవారి పటం వైపే చూసేవారు. ఆపుకోగలిగిన సందర్భం నాకు గుర్తులేదు.

మేడంగారి ఇంటి దగ్గర, చివరి రోజున, ఇద్దరూ రెండు పెద్ద దండలతో గేటు బయట ఎదురుపడ్డారు. ఎవరు ముందు లోపలికి వెళ్ళాలన్న విషయం నిర్ణయం కాక, వెనుక జనం ఆగిపోయారు. బావే పక్కకు తప్పుకొని వెనక్కి చూశాడు. బావమరిది కూడా తప్పుకున్నాడు. వాళ్ళ మధ్యలోంచి ఈరమ్మ చిన్న చెంబుతో నీళ్ళు పట్టుకొని లోపలికి నడిచింది. తరువాత వాళ్ళిద్దరూ వెళ్ళారు, ఒకరి తరువాత ఒకరు. ఏ క్రమంలోనో నేను గమనించలేదు. వాళ్ళూ గమనించుకున్నట్టు లేదు.

కర్మలయ్యాక నేను ఫ్యాక్టరీకి వెళ్ళాను. మేడంగారు పోయిన రోజు కూడా యంత్రం ఆగలేదట. "ఆపితే మేడం తిడతాది" అన్నారు ఇద్దరూ, ఈసారి కూడా కలిసే. బడి వదిలినట్టుంది, వెనుక గుడిసెల వైపు నుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. పంపు సన్నగా మోగుతోంది. ఎర్రగళ్ళు వెలిసి ఇటుక రంగుకు వచ్చిన ఆ దుప్పటి, డ్రైవ్‌ల ముందు అలాగే వేలాడుతోంది. ఒకప్పుడు మూట ముడి పడిన చోట గుడ్డ ఇంకా నలిగే ఉంది. లోపలి ఫ్యాను గాలికి అది కొద్దిగా ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బుతోంది. దాని వెనుక పచ్చదీపాలు పలుకుతున్నాయి. ముందు నీళ్ళది. అది ఆరాక కోతది. అది ఆరాక పాలిషుది. మళ్ళీ నీళ్ళది.